యాంనంపేటకు 50 కీలు, 24 కీలు, 10 కీలు

మేడ్చల్‌–మల్కాజిగిరి జిల్లాలో 15 మండలాలున్నాయి. ఆ పేర్లన్నీ కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లో పూర్తిగా కొడితే 133 అక్షరాలవుతాయి. దుండిగల్ గండిమైసమ్మను ఉత్త దుండిగల్ అని కుదించి వేసిన లెక్క ఇది. అయితే మనకు కావలసింది ఏ మండలమో మెషీన్ పోల్చుకోవడానికి 30 అక్షరాలు సరిపోతాయి. మిగతా 103 అక్షరాలూ దానికి ముందే తెలుసు. తెలిసినదాన్నే మళ్లీ మళ్లీ చెబుతున్నాం కాబట్టే కమాండ్ లైన్ మీద మన పని నెమ్మదిస్తోంది.

ఆ 30 ఎలా వచ్చిందో చూద్దాం. ఘట్‌కేసర్‌కు ‘జి’ ఒక్కటే చాలు, జిల్లాలో జి అక్షరంతో మొదలయ్యే మండలం ఇంకోటి లేదు. ఉప్పల్, అల్వాల్, శామీర్‌పేట, కుత్బుల్లాపూర్, దుండిగల్ కూడా అంతే. ఆరు మండలాలకు ఆరు అక్షరాలు. కాప్రా, కీసర, కూకట్‌పల్లి మూడూ ‘కె’తో మొదలవుతాయి, రెండో అక్షరంతో తేలిపోతాయి. అక్కడ ఇంకో ఆరు. బాచుపల్లి, బాలానగర్‌లకు మూడో అక్షరం దాకా పోవాలి. అదీ ఆరే. ‘ఎం’ దగ్గర కాస్త రద్దీ. మల్కాజిగిరి, ముడుచింతలపల్లి రెండో అక్షరంతో విడిపోతాయి కానీ, మేడ్చల్‌కూ మేడిపల్లికీ మొదటి మూడు అక్షరాలు ఒకటే, నాలుగోది కొడితే తప్ప తేడా తెలియదు. ఈ నాలుగింటికీ కలిపి 12. మొత్తం 30, అంటే మండలానికి సగటున 2 అక్షరాలు.

ఆ రెండు అక్షరాల తర్వాత నొక్కాల్సిన కీ ట్యాబ్. షెల్, అంటే మనం కొట్టే కమాండ్లను అందుకునే ప్రోగ్రాం, మిగతా పేరును తనే పూరిస్తుంది. మేడ్చల్ కోసం ఎం, ఇ కొట్టి ట్యాబ్ నొక్కితే ‘డి’ దాకా తెచ్చి ఆగుతుంది. ఇంకోసారి నొక్కితే మేడ్చల్, మేడిపల్లి రెండు పేర్లూ కింద పరిచి చూపిస్తుంది, ఏది కావాలో మనమే తేల్చాలి. పేరుకో ట్యాబ్ చొప్పున 15 కలిపినా మొత్తం 45 కీలు. 133తో పోలిస్తే మూడో వంతు.

ఈ లెక్కతో పనున్నవాళ్లు ఈ తూర్పు హైదరాబాద్‌లో తక్కువేం లేరు. ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ ఉన్నాయి. ఉప్పల్‌లోనే డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ ఉంది. 2020 డిసెంబరులో కరోనా వైరస్ జన్యుక్రమాల మీద నిఘాకు కేంద్రం ఇన్సాకాగ్ అనే కూటమిని కట్టినప్పుడు అందులో మొదట చేరిన ల్యాబులు 10. వాటిలో రెండు, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఈ ఉప్పల్ వైపువే. ఆ వైరస్ మొత్తం జన్యుక్రమం 29,903 అక్షరాలే, ఒక మామూలు ఫొటో ఫైలు అంత కూడా ఉండదు. కానీ నమూనాకో డైరెక్టరీ, సీక్వెన్సింగ్ యంత్రం నడిచిన తేదీకో డైరెక్టరీ, ఫలితాలకు ఇంకోటి అంటూ వేల గదులు పుడతాయి. జన్యుక్రమాల విశ్లేషణ ఎక్కువగా లినక్స్ సర్వర్ల మీదే నడుస్తుంది. అక్కడ మౌస్‌తో పసుపు రంగు ఫోల్డర్ బొమ్మలు నొక్కుకుంటూ పోయే వీలు సాధారణంగా ఉండదు.

వరంగల్ హైవే మీద ఇంకాస్త ముందుకు పోతే పోచారంలో ఇన్ఫోసిస్, ఆపైన వరసగా ఇంజనీరింగ్ కాలేజీలు: యాంనంపేటలో శ్రీనిధి, ఔషాపూర్‌లో విజ్ఞాన భారతి, అంకుశాపూర్‌లో ఏస్, వెంకటాపూర్‌లో అనురాగ్. మొదటిసారి నల్ల తెర ముందు కూర్చుని ‘సీడీ’ అని కొట్టే పిల్లలు ఏటా వీటిలో చేరుతూనే ఉంటారు. వాళ్లకు ల్యాబులో సీడీ అంటే డైరెక్టరీ మార్చడం అని చెబుతారు. ఎంత తక్కువ శ్రమతో మార్చవచ్చో చెప్పేవాళ్లు అరుదు.

22 సెకన్లు ఎక్కడికి పోతున్నాయి

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. జిల్లాల వారీగా భూగర్భ జలాల లెక్కలు దాచిన సర్వర్ ఒకటి ఉందనుకోండి. మనం చేరవలసిన చోటు:

/డేటా/మేడ్చల్/ఘట్‌కేసర్/యాంనంపేట/2024/రిజల్ట్స్

ఇక్కడ చదవడానికి తెలుగులో రాశాను. కీల లెక్క మాత్రం ఇంగ్లిష్ అక్షరాలదే. గీతలతో సహా దారి 46 అక్షరాలు, ముందు సీడీ, ఒక ఖాళీ కలిపి 3, చివర ఎంటర్ 1. మొత్తం 50 కీలు.

దీన్ని సెకన్లలోకి మార్చడానికి పాతదే అయినా గట్టి కొలబద్ద ఒకటుంది. 1980లో స్టువర్ట్ కార్డ్, థామస్ మోరాన్, అలెన్ నెవెల్ అనే ముగ్గురు కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి చేసే పనిని చిన్న చిన్న ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకూ సగటు సమయం కట్టారు. నిమిషానికి 40 పదాలు కొట్టే మామూలు మనిషికి ఒక్కో కీకి 0.28 సెకను. తర్వాత ఏం చేయాలో మనసులో అనుకోవడానికి, గుర్తు తెచ్చుకోవడానికి 1.35 సెకన్లు. ఈ రెండో అంకెను బాగా చూడండి. ఒక్కసారి ‘ఏంటది, ఏ సంవత్సరం?’ అని ఆగితే దాదాపు ఐదు కీలు కొట్టేంత సమయం పోతుంది.

మన దారికి 50 కీలు అంటే 14 సెకన్లు. దారిలో ఆరు పేర్లున్నాయి, ఒక్కోదాని ముందు ఒక్కసారి ఆగామనుకుంటే 8.1 సెకన్లు. మొత్తం 22.1. ఇందులో మెషీన్ వాటా లెక్కలోకి రాదు. సీడీ అన్న పనిని కంప్యూటర్ మైక్రోసెకన్లలో ముగించేస్తుంది. ఆ 22 సెకన్లూ పూర్తిగా మన వేళ్లవీ, మన తలవీ.

ఇప్పుడు ట్యాబ్‌తో. తెలంగాణలోని 33 జిల్లాలకూ డైరెక్టరీలుంటే మెదక్‌తో పేచీ వస్తుంది కాబట్టి మేడ్చల్‌కు నాలుగు అక్షరాలు కొట్టాలి. ఘట్‌కేసర్‌కు ఒకటి, యాంనంపేటకు ఒకటి. 2024కు మాత్రం తప్పించుకునే దారి లేదు. పక్కనే 2023, 2025 ఉంటాయి కాబట్టి నాలుగంకెలూ వేయాల్సిందే. అన్నీ కూడితే 24 కీలు, 6.72 సెకన్లు. వేళ్ల పని సగానికి పైగా తగ్గింది. కానీ ఆరుచోట్ల ఆగడం అలాగే ఉంది, 8.1 సెకన్లు. మొత్తం 14.82.

ట్యాబ్ వేళ్లకు సాయం చేసింది, తలకు పెద్దగా చేయలేదు. షార్ట్‌కట్‌ల గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది కీలు లెక్కపెట్టి ఆగిపోతారు. ‘సీడీ చుక్క చుక్క’ను రెండు చుక్కలకు కుదించుకుని మురిసిపోతారు, మిగిలింది మూడు కీలు. నా లెక్కలో అసలు ఖర్చు గుర్తుతెచ్చుకోవడంలో ఉంది. అక్కడ కోత పెట్టే పనిముట్టే పనికొచ్చే పనిముట్టు.

జెడ్‌షెల్ వాడేవాళ్లకు, అంటే 2019 తర్వాత కొన్న మ్యాక్‌లలో అందరికీ, ఇందులో ఒక చిన్న వెసులుబాటు ఉంది. దాని కంప్లీషన్ సదుపాయాన్ని ఆన్ చేసుకుంటే ఒక్కో పేరుకూ ట్యాబ్ నొక్కక్కర్లేదు. ప్రతి పేరుకూ మొదటి అక్షరాలే గీతలతో కలిపి కొట్టుకుంటూ పోయి, చివర ఒక్కసారి ట్యాబ్ నొక్కితే దారంతా విప్పుకుంటుంది. కీలు అవే 24 వస్తాయి, నేను రెండుసార్లు కూడి చూశాను. కానీ తెర వైపు చూసి సరిచూసుకోవడం ఆరుసార్లకు బదులు ఒక్కసారి. బ్యాష్ అనే షెల్ వాడేవాళ్లు ఇన్‌పుట్‌ఆర్‌సీ ఫైల్లో ‘కంప్లీషన్ ఇగ్నోర్ కేస్’ అన్నది ఆన్ చేసుకుంటే పెద్దక్షరం చిన్నక్షరం తేడా పట్టింపు పోతుంది. ఎవరో పెద్ద అక్షరంతో డైరెక్టరీ పేరు పెట్టి వెళ్లిపోయిన సర్వర్లలో ఇది చేసే మేలు అంతా ఇంతా కాదు.

ఇన్‌స్టాల్ చేయకుండానే దొరికేవి

వెనక్కి పోవడానికి ‘సీడీ’, ఖాళీ, అడ్డగీత. 5 కీలు, ఒక్క ఆలోచన. 2.75 సెకన్లు. అంతకుముందు మీరున్న డైరెక్టరీకి ఎంత దూరమైనా ఒక్క ఊపులో చేరుస్తుంది, మళ్లీ కొడితే తిరిగి తెస్తుంది. రిజల్ట్స్‌కూ, ప్రోగ్రాం ఉన్న చోటికీ మధ్య రోజంతా తిరిగే మనిషికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి పోసిక్స్ ప్రమాణంలోనే ఉంది కాబట్టి ఏ సర్వర్‌లోకి పోయినా పనిచేస్తుంది. ఏమీ రాయకుండా ఉత్త సీడీ కొడితే సొంత హోమ్ డైరెక్టరీ, అది 3 కీలు. హోమ్‌కు గుర్తుగా వాడే అలల గీత ‘~’ ఎందుకొచ్చిందని అడిగేవాళ్లుంటారు. 1976 నాటి ఏడీఎం–3ఏ టెర్మినల్ కీబోర్డు మీద హోమ్ అన్న మాటా, ఈ గీతా ఒకే కీ మీద ఉండేవి.

రెండోది సీడీపాత్. సీడీ, పాత్ రెండూ కలిపి పెద్దక్షరాల్లో రాసే ఒక వేరియబుల్. సీడీకి ఒక పేరు ఇచ్చినప్పుడు ఆ పేరును ఎక్కడెక్కడ వెతకాలో ఇందులో కోలన్లతో విడదీసి రాస్తాం. ఘట్‌కేసర్ డైరెక్టరీని అందులో పెట్టుకుంటే, సర్వర్‌లో ఏ మూలనున్నా నేరుగా యాంనంపేట నుంచే మొదలుపెట్టవచ్చు. సీడీ, వై, ట్యాబ్, 2024, గీత, ఆర్, ట్యాబ్, ఎంటర్. ఖాళీతో కలిపి 13 కీలు, ఆలోచనలు మూడే. మొత్తం 7.69 సెకన్లు. ఒక్క వరుస సెట్టింగుతో 22 సెకన్లు ఎనిమిది లోపుకు దిగాయి.

సీడీపాత్‌లో ఒక చిక్కుంది, అది మన జిల్లాకు అతికినట్టు సరిపోతుంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడక ముందు ఘట్‌కేసర్ రంగారెడ్డి జిల్లాలో ఉండేది. కాబట్టి పాత లెక్కలు రంగారెడ్డి కింద, కొత్తవి మేడ్చల్ కింద, ఘట్‌కేసర్ పేరుతో రెండు డైరెక్టరీలు ఉండే అవకాశం ఉంది. రెండు జిల్లాలనూ సీడీపాత్‌లో పెడితే, షెల్ వరుసలో ముందు దొరికినదానికి పోతుంది, రెండోది ఉందని చెప్పదు. మేడ్చల్ ముందు రాస్తే కొత్తది, రంగారెడ్డి ముందు రాస్తే పాతది. అలాగే వరుసలో మొట్టమొదట ఒక చుక్క తప్పక పెట్టాలి. లేకపోతే కళ్ల ముందున్న డైరెక్టరీని వదిలేసి ఎక్కడికో పోతుంది. దీన్ని ఎక్స్‌పోర్ట్ మాత్రం చేయొద్దు, చేస్తే మీరు నడిపే స్క్రిప్టులు కూడా ఈ వరుసనే పట్టుకుని దారి తప్పుతాయి.

మూడోది కంట్రోల్ ఆర్. పాత కమాండ్లలో వెతుకుతుంది. బ్యాష్ మామూలుగా గుర్తుపెట్టుకునేది 500 కమాండ్లు, ఉబుంటు వాళ్లు దాన్ని 1000 చేసి ఇస్తారు. కంట్రోల్ ఆర్ నొక్కి ‘యాం’ అన్న మూడక్షరాలు కొడితే ఆ పాత సీడీ వస్తుంది. కానీ అది పనిచేయాలంటే మొదటిసారి దారిని మొదటి గీత నుంచి పూర్తిగా రాసి ఉండాలి. ‘సీడీ 2024’ అని రాసిన కమాండ్ ఇంకో డైరెక్టరీలో నిలబడి తిరగవేస్తే ఎందుకూ కొరగాదు. చరిత్రలో దాచుకోవాలంటే పూర్తి దారి రాయాలి, ఒక్కసారి 50 కీలు ఖర్చుపెట్టినా సరే.

పుష్‌డీ, పాప్‌డీ అని ఇంకో జంట ఉంది. డైరెక్టరీలను ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయి పైనుంచి తీసుకుంటూ వస్తుంది. దీన్ని సీ షెల్‌లో మొదట అమర్చినవాడు ఆస్ట్రియాలోని లాక్సెన్‌బర్గ్‌లో ఒక పరిశోధనా సంస్థలో పనిచేసిన జె. ఇ. కల్ప్. తెలివైన ఆలోచనే. కానీ పేర్చినదాంట్లో ఏది ఎక్కడుందో మనమే గుర్తుపెట్టుకోవాలి, అంటే మళ్లీ 1.35 సెకన్ల ఖాతా. స్క్రిప్టులు రాసేవాళ్లకు బాగుంటుంది, చేత్తో తిరిగేవాళ్లకు నేను చెప్పను.

సీడీ మామూలు ప్రోగ్రాం ఎందుకు కాదు

ఇక్కడ ఒక పాత కథ చెప్పుకోకుండా ముందుకు పోలేం, తర్వాత రాబోయే పనిముట్లు ఎలా నడుస్తాయో దీంతోనే తెలుస్తుంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ పీడీపీ–7 అనే యంత్రం మీద యూనిక్స్ మొదలుపెట్టింది 1969లో. అప్పట్లో డైరెక్టరీ మార్చే కమాండ్ పేరు సీహెచ్‌డీఐఆర్, అదొక మామూలు ప్రోగ్రాం. కొంతకాలానికి ప్రతి కమాండ్‌కూ ఒక కొత్త ప్రాసెస్‌ను పుట్టించే పద్ధతి, ఫోర్క్, తెచ్చారు. అంతా బాగుందనుకుంటుండగా ఈ కమాండ్ పనిచేయడం మానేసింది. కోడంతా తిరగేసి తల పట్టుకున్నాక కారణం దొరికిందని రిచీ 1979 నాటి వ్యాసంలో రాశారు. కమాండ్ నిజానికి సరిగ్గానే పనిచేస్తోంది. కాకపోతే డైరెక్టరీ మారుతున్నది ఆ కొత్త ప్రాసెస్‌కు. అది వెంటనే ముగిసిపోతోంది, పుట్టించిన షెల్ ఉన్నచోటే ఉంటోంది. తమ్ముణ్ని ఉప్పల్ పంపిస్తే ఘట్‌కేసర్‌లో కూర్చున్న మనం ఉప్పల్ చేరం కదా. అందుకని ఆ కమాండ్‌ను షెల్ లోపలికే తీసుకొచ్చి, షెల్ తనంతట తానే కదిలేలా చేశారు. ఇప్పటికీ సీడీ షెల్ లోపలి కమాండే.

అందువల్లే, మనం తిరిగిన డైరెక్టరీలను గుర్తుపెట్టుకునే జోక్సైడ్ లాంటి కొత్త పనిముట్టు ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తే పనిచేయదు. బ్యాష్ సెట్టింగుల ఫైలు బ్యాష్‌ఆర్‌సీలో దాని తాలూకు వరుస ఒకటి తప్పక చేర్చాలి. ఎటు పోవాలో ఆ ప్రోగ్రాం వెతికి చెబుతుంది, పోవడం మాత్రం షెల్ లోపలున్న చిన్న ఫంక్షన్ చేస్తుంది. మొదటిసారి పెట్టుకున్నవాళ్లు ‘ఇన్‌స్టాల్ చేశాను, కదలడం లేదు’ అనేది ఈ వరుస మరచిపోయే.

40 సార్లు పోయిన చోటు ఎప్పుడు ఓడిపోతుంది

జోక్సైడ్ రస్ట్ భాషలో రాసినది. దానికి చాలా ముందు నుంచీ ‘జెడ్’, ఆటోజంప్ లాంటివి ఇదే పని చేస్తున్నాయి. మీరు ఏ డైరెక్టరీకి ఎన్నిసార్లు పోయారో, చివరగా ఎప్పుడు పోయారో రాసుకుంటాయి. ఆ తర్వాత జెడ్, ఖాళీ, ‘యాం’కు మూడక్షరాలు, ఖాళీ, ‘రిజ’కు మూడక్షరాలు, ఎంటర్ కొడితే చాలు. 10 కీలు, ఒక్క ఆలోచన. 4.15 సెకన్లు. సంవత్సరం చెప్పనే లేదు, జిల్లా చెప్పలేదు, మండలం చెప్పలేదు. చివరి మాట మాత్రం దారిలో చివరి పేరుకు తగలాలన్నది జోక్సైడ్ నియమం. ఉత్త ‘యాం’ కొడితే యాంనంపేట దగ్గర దిగుతారు, రిజల్ట్స్ దాకా పోరు.

ఎన్నిసార్లు, ఎంత ఈమధ్య అన్న రెండింటినీ కలిపి లెక్కకట్టే ఈ పద్ధతి 2008లో ఫైర్‌ఫాక్స్ 3 బ్రౌజర్ అడ్రస్ పట్టీలో పేరు తెచ్చుకుంది. జోక్సైడ్ గుణకాలు సూటిగా ఉంటాయి. పోయిన ప్రతిసారీ ఒక మార్కు. చివరి రాక గంట లోపుదైతే మార్కులను 4తో హెచ్చిస్తుంది, రోజు లోపుదైతే 2తో. వారం లోపుదైతే సగం చేస్తుంది, అంతకన్నా పాతదైతే నాలుగో వంతు.

మూడు రిజల్ట్స్ డైరెక్టరీలు తీసుకోండి. యాంనంపేటది 40 సార్లు పోయినది, కానీ నెల కిందట. ఔషాపూర్‌ది 15 సార్లు, ఈ పొద్దున. అంకుశాపూర్‌ది 6 సార్లే, అరగంట కిందట. శుక్రవారం సాయంత్రం లెక్క: యాంనంపేట 40 బై 4, అంటే 10. ఔషాపూర్ 15 ఇంటూ 2, అంటే 30. అంకుశాపూర్ 6 ఇంటూ 4, అంటే 24. ఔషాపూర్ గెలిచింది. శని, ఆదివారాలు మెషీన్ ముట్టుకోలేదు. సోమవారం పొద్దున అదే మాట కొడితే యాంనంపేట అదే 10 మీద ఉంటుంది, ఔషాపూర్ 7.5కు, అంకుశాపూర్ 3కు పడిపోతాయి. శుక్రవారం ఒకచోటికి తీసుకుపోయిన కమాండ్ సోమవారం ఇంకోచోటికి తీసుకుపోతుంది. మెషీన్‌కు పిచ్చి పట్టిందని అనుకునేవాళ్లున్నారు. మారింది కాలం ఒక్కటే.

జాబితా పెరిగిపోకుండా దానికి ఒక కళ్లెం ఉంది. అన్ని డైరెక్టరీల మార్కులూ కలిపి 10,000 దాటితే అన్నింటినీ తగ్గిస్తూ మొత్తాన్ని దాదాపు 9,000కు దింపుతుంది. అందులో 1 కన్నా తక్కువకు పడినవి జాబితాలోంచి పోతాయి. ఒకటి రెండుసార్లు తొంగిచూసి వచ్చిన డైరెక్టరీలు ఏడాది రెండేళ్లలో వాటంతట అవే కనుమరుగవుతాయి.

అయితే ఏడాదికి మిగిలేదెంత? రోజుకు 60 సార్లు డైరెక్టరీ మారే మనిషి అనుకుందాం, ఇది నా ఊహ, మీ అంకె మీరు వేసుకోండి. ట్యాబ్‌తో 14.82 సెకన్లు పట్టేది జెడ్‌తో 4.15. తేడా 10.67 సెకన్లు, రోజుకు దాదాపు పదిన్నర నిమిషాలు. ఏడాదికి 240 పనిదినాలైతే 42 గంటలు దాటుతుంది, ఎనిమిది గంటల డ్యూటీ లెక్కన ఐదు రోజులు. కానీ దారి కొట్టినపిండి అయిన మనిషి ఆరుచోట్ల ఆగడు, ఒక్కచోటే ఆగుతాడు. అతనికి ట్యాబ్‌తో 8.07 సెకన్లే. తేడా 3.92కు తగ్గుతుంది, ఏడాదికి 16 గంటల లోపు, రెండు రోజులు. నిజం ఈ రెండు రోజులకూ ఐదు రోజులకూ మధ్యలో ఎక్కడో ఉంటుంది. పైగా అన్ని దారులూ ఇంత పొడుగుండవు. ‘ఈ పనిముట్టుతో మీ ఉత్పాదకత పది రెట్లు’ అనే మాటలు నమ్మకండి. అలాగని ఒక పూట కూర్చుని నేర్చుకున్నందుకు రెండు రోజులు తిరిగి రావడం తక్కువ లాభమూ కాదు.

ఒక హద్దు మాత్రం ఉంది. సంస్థల సర్వర్లలో, కాలేజీ ల్యాబుల్లో ఇష్టమొచ్చినవి ఇన్‌స్టాల్ చేసుకునే అనుమతి చాలాసార్లు ఉండదు. అందుకే నేనైతే పిల్లలకు మొదట ట్యాబ్, సీడీ అడ్డగీత, సీడీపాత్ నేర్పమంటాను. జోక్సైడ్ సొంత ల్యాప్‌టాప్ మీద తర్వాత నేర్చుకోవచ్చు.

పేరు తెలుగులో ఉంటే

డైరెక్టరీలకు తెలుగు పేర్లు పెడితే పనిచేస్తాయా అని అడుగుతుంటారు. పనిచేస్తాయి. ఇందులోనూ కెన్ థాంప్సన్ చేయి ఉంది. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక హోటల్లో రాత్రి భోజనం దగ్గర, బల్ల మీద పరిచిన కాగితం మీద, రాబ్ పైక్‌తో కలిసి ఆయన రూపుదిద్దినదే యూటీఎఫ్–8. దాని ప్రకారం ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు బైట్లు. లినక్స్‌లో మామూలుగా ఒక పేరుకు హద్దు 255 బైట్లు, అంటే తెలుగులో 85 గుర్తులు. ముడుచింతలపల్లికి 14 గుర్తులు, 42 బైట్లు. ఎంత పెద్ద ఊరి పేరైనా హాయిగా పడుతుంది.

చిక్కు ఇంకోచోట. ఇంగ్లిష్‌లో ఘట్‌కేసర్ 9 అక్షరాలు, 9 బైట్లు. తెలుగులోనూ 9 గుర్తులే, కానీ 27 బైట్లు, పైగా వాటిలో ఒకటి కంటికి కనిపించదు. ‘ట్’ కింద ‘క’ వత్తుగా అతుక్కోకుండా మధ్యలో ఆపే గుర్తు అది. దాన్ని వదిలేసి కొడితే ఘట్కేసర్ అవుతుంది, షెల్‌కు అది వేరే పేరు. ఇదైనా నయం, వత్తు కనిపిస్తుంది కాబట్టి తప్పు తెలుస్తుంది. ‘ఘట్‌కేసర్‌లో’ అన్న మాటలోంచి ఊరి పేరును కత్తిరించి అతికిస్తే చివర ‘ర్’ తర్వాత కూడా అలాంటి గుర్తు ఇంకోటి అంటుకుని వస్తుంది. అప్పుడు 30 బైట్లు. తెర మీద రెండు పేర్లూ అచ్చం ఒకేలా ఉంటాయి, డైరెక్టరీలు మాత్రం రెండు. ఇలాంటిచోట పేరును చేత్తో కొట్టడం మానేసి ట్యాబ్ నొక్కడమే క్షేమం. ట్యాబ్ పేరు మొత్తం పూరించి కూడా గీత పెట్టకుండా ఆగిందంటే, అదే మొదలుతో ఇంకోటి ఉందని అర్థం.

వేగంతో వచ్చే ముప్పు

జెడ్ కొట్టి 2024 రిజల్ట్స్‌కు చేరామనుకుని, 2023లో నిలబడి ఫైళ్లు తుడిచేస్తే? కమాండ్ లైన్‌లో తుడిచినవి చెత్తబుట్టలోకి పోవు, ఏకంగా పోతాయి. పూర్తి దారి కొట్టినప్పుడు ఈ ప్రమాదం తక్కువ, ఎందుకంటే సంవత్సరం మన చేత్తో కొట్టాం. గుర్తుపెట్టుకునే భారాన్ని మెషీన్ మీదికి నెట్టినప్పుడు సరిచూసుకునే భారం మనకు మిగులుతుంది. జోక్సైడ్‌లో ఎకో అనే సెట్టింగుకు 1 అని ఇస్తే, కదలబోయే ప్రతిసారీ ఎక్కడికి పోతోందో పూర్తి దారి తెర మీద రాస్తుంది. ఒకే మాటకు రెండు మూడు చోట్లు తగులుతాయనుకుంటే జెడ్ బదులు జెడ్‌ఐ కొట్టాలి. ఎఫ్‌జెడ్‌ఎఫ్ అనే ఇంకో పనిముట్టు కూడా ఉంటే, జాబితా చూపించి ఏది కావాలో అడుగుతుంది.

స్క్రిప్టుల్లో అయితే జెడ్ వాడనే వద్దు, పూర్తి దారే రాయాలి. సీడీ తర్వాత తుడిచే కమాండ్‌ను ఒకే వరుసలో రాసేటప్పుడు మధ్యలో సెమికోలన్ పెట్టేవాళ్లు ఎక్కువ. సీడీ విఫలమైనా, అంటే ఆ డైరెక్టరీ అసలు లేకపోయినా, సెమికోలన్ తర్వాతి కమాండ్ ఆగదు. మీరు అప్పటికి ఎక్కడుంటే అక్కడే తుడుస్తుంది. దాని బదులు రెండు యాంపర్సాండ్లు పెడితే సీడీ సాగితేనే రెండోది నడుస్తుంది. సెమికోలన్‌కు ఒక కీ, రెండు యాంపర్సాండ్లకు షిఫ్ట్‌తో కలిపి మూడు. తేడా 0.56 సెకను.